వాసెన కట్టిన జాడీ

మామిడికాయల రోజులు వచ్చాయంటే రాయపూర్ రైల్వే కాలనీలో తెలుగువాళ్ల ఇల్లు ఏదో ఎవరినీ అడగనక్కర్లేదు. దంచిన ఆవపిండి ఘాటు వీధి మొదట్లోనే ఎదురొచ్చి చెబుతుంది. ఆ యేడు బంగారమ్మ ఇంటి వెనక వరండాలో గోడ పొడుగునా జాడీలు బారులు తీరి ఉన్నాయి. ఒక్కొక్క జాడీ మూతి మీద తెల్లగుడ్డ పరచి, మెడ చుట్టూ పురికొసతో బిగించి వాసెన కట్టారు. దారిన పోయే ఇరుగుపొరుగు ఆడవాళ్లు తొంగి చూసి, "ఏమండీ బంగారమ్మగారూ, ఈసారి ఆవకాయ గట్టిగానే పెట్టినట్టున్నారు. మాకు రుచి చూపించరా?" అని అడిగేవారు.

"ఇది రుచి చూస్తే మీకు నాలిక మిగలదు వదినా" అనేది బంగారమ్మ నవ్వుతూ.

కారం ఎక్కువ వేసిందనుకుని వాళ్లూ నవ్వుకుంటూ పోయేవారు. బంగారమ్మ చెప్పింది అక్షరాలా నిజం. ఆ జాడీల్లో ఉన్నది ఆవకాయ కాదు. మరుగుదొడ్లు కడిగే యాసిడ్.

చదువరులు కంగారు పడవద్దు. బంగారమ్మ దుర్మార్గురాలు కాదు. బొబ్బిలి దగ్గర పుట్టి, వ్యాగన్ల మరమ్మతు కార్ఖానాలో పనిచేసే కొండలరావును పెళ్లాడి రాయపూర్ వచ్చింది. కొండలరావు రిటైరై కాలనీ పక్కనే సొంత ఇల్లు కట్టుకున్నాక, తాను ఊరికే కూర్చుని గోళ్లు గిల్లుకోవడం ఇష్టంలేక, కాలనీలో ఆసరా లేని ఆడవాళ్లను కొందరిని పోగుచేసి చిన్న పరిశ్రమ పెట్టింది. బట్టల పొడి, ఫినాయిలు, యాసిడ్, బ్లీచింగ్ పౌడర్ తయారుచేసి పొట్లాలు కట్టేవారు. ఊళ్లోనే శంకర్ నగర్ దుకాణాల్లో కొంత అమ్ముడుపోయేది. ఎక్కువ సరుకు మాత్రం లారీల మీద జగదల్‌పూర్‌కీ, అక్కడి నుంచి గనుల ఊరు కిరండూల్‌కీ పోయేది. భర్త పోయిన సూరమ్మ పిల్లలు బడికి వెళ్తున్నారంటే అది ఈ సబ్బుపొడి పుణ్యమే.

మనం ఇల్లు కడిగే సీసా మన గడప దగ్గరికి దానంతట అది నడిచి రాదు. ఎవరి నెత్తి మీదో, ఎవరి వీపు మీదో ఎక్కి వస్తుంది. ఇల్లు మెరుస్తోందా లేదా అని చూసుకునే మనం, ఆ నెత్తి ఎవరిదో ఎన్నడైనా తలుచుకున్నామా? బంగారమ్మ కూడా మనలాంటిదే. తలుచుకోలేదు.

యాసిడ్ పంపడం మొదటినుంచీ పెద్ద తలనొప్పిగానే ఉండేది. గాజు సీసాల్లో పంపితే కేష్‌కాల్ కొండదారి మలుపుల్లో సగం పగిలేవి. రేకు డబ్బాలను యాసిడే తినేసేది. ఇలా ఉండగా ఒకరోజు బంగారమ్మ చూపు అటక మీది ఖాళీ జాడీల మీద పడింది. ఏటా ఊరినుంచి ఊరగాయలు రైలెక్కి వస్తాయి, ఊరగాయ అయిపోతుంది, జాడీ మిగిలిపోతుంది. కాలనీలో ప్రతి తెలుగింటి అటక మీదా ఇదే కథ. పింగాణీ యాసిడ్‌కు లొంగదు. చెక్కమూత పెట్టి, చుట్టూ మైనం పోసి, పైన వాసెన కడితే ఎక్కడికైనా పంపవచ్చు. అవసరమే ఉపాయం చెబుతుందని ఆవిడ మురిసిపోయింది. ఆ ఆలోచన సగం మంచిదే. పూర్తిగా చెడ్డ ఆలోచన అయితే ఎవరో ఒకరు ఆపేవారు. సగం మంచిది కాబట్టి నాలుగేళ్లు సాగింది.

ఇక మిగతా సగం సంగతి. ధమ్తరీ రోడ్డులో జగదల్‌పూర్ లారీలు బయలుదేరే గోదాములో హమాలీలంతా శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి వలస వచ్చినవాళ్లు. వాళ్ల ముకద్దం, అంటే కూలీల మేస్త్రీ, నూకరాజు. అతని అక్క పైడమ్మ, లారీ మీద సరుకు సర్దడంలో మగవాళ్లకు పాఠం చెప్పగల మనిషి. వాళ్లలో ఒక కట్టుబాటు ఉండేది. వాసెన కట్టిన జాడీ సరుకు కింద లెక్క కాదు. అది మనవాళ్ల కూడు. దేశం కాని దేశంలో ఉన్న తెలుగువాడికి సాటి తెలుగువాడు పంపుకునే ఊరగాయ. దానికి కూలి అడగరు. దాన్ని బరువుల కింద పెట్టరు. నెత్తిన కుదురు పెట్టుకుని మోసి, లారీ పైన అన్నిటికన్నా భద్రమైన చోట కూర్చోబెట్టి, డ్రైవరుకు మరీ మరీ చెప్పి పంపుతారు.

బంగారమ్మ మొదట పంపింది నిజంగా ఆవకాయే. కిరండూల్‌లో ఉన్న చెల్లెలికి. పైడమ్మ దాన్ని కన్నబిడ్డలా ఎత్తి పెట్టింది. తరవాత యాసిడ్ జాడీలు వెళ్లినప్పుడు కూడా హమాలీలు అదే ఆప్యాయతతో, అలాగే కూలి పుచ్చుకోకుండా మోశారు. బంగారమ్మ పదిమందికీ పచ్చళ్లు పెట్టి పంపుతోందని వాళ్ల నమ్మకం. ఆ సంగతి ఆవిడకు తెలుసు. అడిగితే చెబుదాంలే అనుకుంది. అడగనివాడికి చెప్పకపోతే అది అబద్ధం కాదు గదా అని మనసుకు సర్దిచెప్పుకుంది. లోకంలో సగం అబద్ధాలు ఆ దుప్పటి కిందే హాయిగా నిద్రపోతుంటాయి.

గోదాము గుమాస్తా గురునాథానికి మాత్రం విషయం తెలుసు. ఆయన సరుకుతో పంపే రసీదు, బిల్టీ మీద 'సబ్బు సామాను' అని రాసి ఊరుకునేవాడు. యాసిడ్ అని రాస్తే డ్రైవరు వేరే చోటు అడుగుతాడు, వేరే రోజు రమ్మంటాడు. "ఎందుకమ్మా లేనిపోని గొడవ, పోతోంది కదా" అనేవాడు. పోతున్నంత కాలం ఏదైనా బాగానే ఉంటుంది.

అది భోపాల్ గాలి వేలమంది ప్రాణాలు తీసిన మరుసటి వేసవి. రాయపూర్ ఎండ సంగతి అక్కడ కాపురం చేసినవాళ్లకే తెలుస్తుంది. ఆ మిట్టమధ్యాహ్నం పైడమ్మ లారీ పైన నిలబడి సరుకు సర్దుతోంది. బంగారమ్మ పంపిన బ్లీచింగ్ బస్తాలు పరిచి, వాటి మీద మెత్తగా ఉంటుందని జాడీలను కూర్చోబెట్టింది. ఎండకు మైనం మెత్తబడి జారిపోయిందని ఆమెకేం తెలుసు? ఒక జాడీ గుడ్డ తడిసి ఉండడం మాత్రం కనబడింది.

"ఒరే నూకరాజూ, బంగారమ్మప్ప జాడీకి నూని పైకొచ్చేసిందిరా. గుడ్డంతా తడిసిపోనాది" అంది పైడమ్మ.

"ఒగ్గీవే అప్పా. డ్రైవరు బేగి దిగమంతన్నాడు" అన్నాడు నూకరాజు కిందనుంచి.

"నూని కారిపోతే బూజట్టీదా? పాపం, ఆ కిరండూలోళ్లు మనూరి కూడు తినీదే యేడాదికోపాలి. వాసెన ఇప్పి గట్టిగా కట్టీసి దిగిపోతాను."

ఈ మాట తెలుగు దేశపు ఊరగాయ తిని పెరిగిన మనిషి తప్ప ఇంకొకరు అనరు. ఇంకొకరైతే తడిసిన గుడ్డ చూసి జాడీని వదిలేసేవారు. పైడమ్మ ఎవరి ఊరగాయో పాడైపోతుందని దయ తలచి, ఒంగి, ముడి విప్పింది. లాగిన ఊపుకు చెక్కమూత పక్కకు జారింది. గుప్పున ఆవిరి ముఖానికి కొట్టింది. ఆమె ఉలిక్కిపడి వెనక్కి తగ్గేసరికి జాడీ ఒరిగిపోయి, యాసిడ్ చివ్వున కళ్లలోకి చిందింది. మిగిలినదంతా కింద ఉన్న బ్లీచింగ్ బస్తాల మీదికి ఒలికింది.

ఆ రెండూ కలిస్తే ఏమవుతుందో బంగారమ్మ ఇంట్లో పనిచేసే ఆడవాళ్లందరికీ తెలుసు. అందుకే అక్కడ ఒకటి వరండాలో, ఒకటి వంటింటి అవతల కొట్టులో ఉంచేవారు. ఇంట్లో పాటించిన ఆ జాగ్రత్త ఇల్లు దాటాక ఎవరికీ గుర్తు రాలేదు. పసుపు కలిసిన పచ్చటి పొగ లారీ మీద లేచింది. ఎవరో "భోపాల్, భోపాల్" అని అరిచారు. అంతే, గోదాము గోదామంతా రోడ్డు మీదికి పరుగెత్తింది. పరుగెత్తనివాడు నూకరాజు ఒక్కడే. తలగుడ్డ తడిపి ముక్కుకు చుట్టుకుని లారీ ఎక్కి అక్కను కిందికి లాగాడు. లారీలకు నీళ్లు పట్టే పీపా దగ్గర కూర్చోబెట్టి, ఆమె మంట మంట అని ఏడుస్తుంటే రిక్షా వచ్చేదాకా చెంబుతో కళ్లలో నీళ్లు పోస్తూనే ఉన్నాడు.

కబురు అందగానే బంగారమ్మ చేతికంటిన సబ్బుపొడి కూడా కడుక్కోకుండా ఆసుపత్రికి పరుగెత్తింది. వెనకే కొండలరావు వచ్చాడు. లోపల డాక్టరు పైడమ్మ కనురెప్పలు విప్పి చూస్తూ, కంట్లో ఏం పడిందని హిందీలో నూకరాజును అడుగుతున్నాడు.

"ఆమ్ కా అచార్, సాబ్. ఆవకాయ నూని. కారం బాగా దట్టించినట్టున్నారు" అంటున్నాడు నూకరాజు వచ్చీరాని హిందీలో.

డాక్టరు ముఖం చిట్లించాడు. ఆవకాయ నూనెకు చర్మం ఇలా తెల్లగా పొరలు లేస్తుందా అని ఆయన సందేహం. అయినా రోగి తమ్ముడే చెబుతున్నాడాయె. గుమ్మంలో నిలబడ్డ బంగారమ్మ ఒక అడుగు ముందుకు వేసింది. ఆవిడ ఏం చెప్పబోతోందో కొండలరావుకు అర్థమై మోచేయి పట్టుకుని నొక్కాడు.

"ఊరుకో. పోలీసులొస్తారు. మన కార్ఖానా మూతపడుద్ది" అన్నాడు చెవి దగ్గర.

ఆ క్షణాన బంగారమ్మ ముందు రెండే ఉన్నాయి. ఒకవైపు సూరమ్మలాంటి ఆడవాళ్ల పొయ్యి. ఇంకొకవైపు పైడమ్మ కళ్లు. ఆవిడ మోచేయి విడిపించుకుంది.

"ఆవకాయ కాదు డాక్టర్ సాబ్. యాసిడ్. పాయిఖానాలు కడిగేది. బ్లీచింగ్ పొగ కూడా పీల్చింది. ఆ జాడీ నాదే" అంది హిందీలోనే.

డాక్టరు వెంటనే నర్సును కేకేసి మందు మార్చాడు. మళ్లీ కళ్లు కడగడం మొదలుపెట్టారు. దారిలో నీళ్లు పోశారు కాబట్టి సరిపోయిందనీ, కుడికన్ను దక్కుతుందనీ, ఎడమకంటి సంగతి కట్టు విప్పితే గాని చెప్పలేననీ ఆయన అన్నాడు. నూకరాజుకు ఆ మాటలేవీ తలకెక్కలేదు. అతను బంగారమ్మనే చూస్తున్నాడు.

"ఆవకాయ కాదేటి?" అన్నాడు. "నాలుగేళ్లు నెత్తినెట్టుకు మోసినాం గదమ్మా. మనోళ్ల కూడని కూలి కూడా పుచ్చుకోలేదు."



మర్నాడు హమాలీలంతా కూర్చుని ఒక మాట అనుకున్నారు. బంగారమ్మ సరుకు ఇక ముట్టకూడదు. సబ్బుపొడి అయినా సరే, అగ్గిపెట్టె అయినా సరే. ఆ తీర్పు తప్పని ఎవరనగలరు? గురునాథం మాత్రం ఆ సాయంత్రం బంగారమ్మ ఇంటికొచ్చి, తీరిగ్గా టీ తాగుతూ ఉపాయం చెప్పాడు.

"స్టేషన్ అవతల ఇంకో గోదాముందమ్మా. అక్కడ మోసేవాళ్లు మనవాళ్లు కాదు. జాడీ అంటే ఏంటో వాళ్లకి తెలీదు, అడగరు. రేపే పంపేద్దాం."

"నిజమే బంగారం" అన్నాడు కొండలరావు. "నాలుగు రోజులు పోతే అందరూ మర్చిపోతారు."

"అక్కడ మోసేవాళ్లకి కళ్లు లేవేటండీ?" అంది బంగారమ్మ.

గురునాథం టీ గ్లాసు కింద పెట్టాడు. బంగారమ్మ గొంతు పెంచలేదు. పనివాళ్లందరినీ పిలిచి చెప్పింది. "పైడమ్మ తన చేత్తో ఎత్తితేనే మన సరుకు లారీ ఎక్కుద్ది. ఎత్తకపోతే కార్ఖానా మూసేద్దాం. అందాకా శంకర్ నగర్ దుకాణాలకి ఇచ్చే పొడితో గంజో నీళ్లో తాగుదాం."

సూరమ్మ కళ్లు తుడుచుకుంది. అయినా ఎవరూ కాదనలేదు.

బంగారమ్మ మొదట చేసిన పని జాడీలు ఖాళీ చేయడం. యాసిడ్‌ను సున్నపు నీళ్లలో కొంచెం కొంచెంగా పోసి చంపేసి, జాడీలు కడిగించి, రోకలి తీసుకుని ఒక్కొక్కటే పగలగొట్టింది. వాటిలో అత్తగారు కాపురానికి వచ్చినప్పుడు తెచ్చుకున్న జాడీ కూడా ఉంది. దాన్ని ఆఖరికి ఉంచింది.

"కడిగితే పోద్ది గదమ్మా. బంగారంలాంటి జాడీలు" అంది సూరమ్మ.

"జాడీ శుభ్రమవుద్దే సూరీ. కానీ దీన్ని చూసిన ప్రతిసారీ ఇందులో తిండి ఉందా, విషం ఉందా అని ఒకళ్లు అనుమానపడాల. తిండి గిన్నెలో విషం పోసినప్పుడే ఇది పగిలిపోయింది. ఇప్పుడు నేను ముక్కలు చేస్తన్నానంతే" అని రోకలి దించింది.

తరవాత పైడమ్మను చూడడానికి వెళ్లింది. గోదాము వెనక రేకుల గదిలో పైడమ్మ కళ్లకు కట్టుతో గోడవైపు తిరిగి పడుకుని ఉంది. బంగారమ్మ తెచ్చిన పళ్లు ముట్టుకోలేదు.  ఆవిడ క్షమించమని అడగబోతుంటే పైడమ్మే అందుకుంది.

"నీ సరుకు కాల్సిందని కాదప్పా నా ఏడుపు. సరుక్కేటి తెలుస్తాది? నీకు తెలుసు. నాను నీ జాడీ నెత్తినెట్టుకుంతంటే సూస్తా నిలబడ్డావు."

ఆ మాట బంగారమ్మను తిన్నగా ఇంటికి నడిపించింది. ఏడవడానికి కాదు, పనికి. కన్నీళ్లతో కడిగేసుకునే తప్పు కాదిదని ఆవిడకు అర్థమైంది.

మందపాటి ప్లాస్టిక్ డబ్బాలు, మరమూతలు ఉన్నవి, కొత్తవి తెప్పించింది. నిండా పోస్తే ఎండకు పొంగి మూత దగ్గర ఊరుతోందని గమనించి, ప్రతి డబ్బాలో గాలికి కొంత చోటు వదలమంది. చెక్కపెట్టెల్లో డబ్బా కదలకుండా బిగించింది. అప్పటిదాకా మూతి ముడుచుకుని కూర్చున్న కొండలరావుకు ఇక్కడ చేతులు దురదపెట్టాయి. బతుకంతా వ్యాగన్లు బాగుచేసిన మనిషి.

"బండి కుదుపంటే నీకేం తెలుసే" అని ఆయన ఒక పెట్టెను తోపుడుబండికి కట్టి, రైలుపట్టాల పక్కన కంకరరాళ్ల మీద లాక్కుంటూ తిరిగాడు. కాలనీ పిల్లలు వెంటపడి నవ్వారు. పెట్టెను తలకిందులుగా పెట్టి తెల్లారేదాకా వదిలేశాడు. మూత దగ్గర తడి కనబడితే ఆ రకం డబ్బా తిప్పి పంపేశాడు. మళ్లీ తెచ్చాడు, మళ్లీ లాగాడు. మొగుడూ పెళ్లాలు ఏ పెట్టె బాగుందన్న దాని మీద పోట్లాడుకోని రోజు లేదు.

బ్లీచింగ్ పౌడర్‌కు వేరే ఏర్పాటు. తడి తగలకుండా లోపల ప్లాస్టిక్ సంచి, పైన గట్టి డ్రమ్ము. అది వెళ్లే లారీలో యాసిడ్ వెళ్లకూడదు. యాసిడ్ వెళ్లే లారీలో బియ్యం, పప్పు, ఊరగాయ ఏదీ ఉండకూడదు. బిల్టీ మీద ఉన్నది ఉన్నట్టు రాయాలని గురునాథం ముందు కూర్చుంది. ఆయన గొణిగాడు, తల గోక్కున్నాడు, డ్రైవర్లు ఒప్పుకోరన్నాడు.

"తెలిసి ఒప్పుకున్న డ్రైవరే నాకు కావాలి బాబూ. తెలీకుండా ఒప్పుకున్నవాడు వద్దు" అంది. ఆయన చివరికి రాశాడు.

మరి పెట్టె మీద ఏం రాయాలి? తెలుగులో రాస్తే జగదల్‌పూర్‌లో దించేవాడు చదవలేడు. హిందీలో రాస్తే ఇక్కడ ఎత్తేవాడు చదవలేడు. ఇంగ్లీషులో రాస్తే ఇద్దరూ చదవలేరు. బంగారమ్మ ఎర్రరంగు తెచ్చి, ప్రతి పెట్టెకూ అన్ని పక్కలా ఒక కంటి బొమ్మ వేయించింది. కంటి మీద పడబోతున్న చుక్క ఒకటి. దాన్ని చదవడానికి అక్షరం ముక్క రానక్కర్లేదు.

వానలు వెళ్లాక ఒక ఉదయం పెట్టెలను బండి మీద పెట్టుకుని బంగారమ్మ స్వయంగా గోదాముకు వెళ్లింది. వెంట రబ్బరు చేతితొడుగులు తెచ్చింది. లారీ పక్కన మూతపెట్టిన మంచినీళ్ల పీపా ఒకటి పెట్టించింది. హమాలీలు చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఎవరూ కదల్లేదు. నూకరాజు బీడీ పారేసి ముఖం పక్కకు తిప్పుకున్నాడు. పెట్టెలు ఎండలోనే ఉన్నాయి. డ్రైవరు ఒకసారి గడియారం చూసుకున్నాడు.

అప్పుడు లోపలినుంచి పైడమ్మ వచ్చింది. కట్టు విప్పేశారు. కుడికన్ను బాగానే ఉంది. ఎడమకంటికి తెల్లగా పొర కమ్మింది, అది ఇక పోదు. ఆమె పెట్టె దగ్గర ఒంగి ఎర్రటి కంటి బొమ్మను చేత్తో తడిమింది.

"ఏటుందందులో?" అని అడిగింది.

నాలుగేళ్లుగా ఎవరూ అడగని ప్రశ్న అది. అడిగితే చెబుదామని బంగారమ్మ దాచుకున్న జవాబుకు ఇప్పటికి పిలుపు వచ్చింది.

"యాసిడ్" అంది అందరికీ వినబడేలా. "మీద పడితే ఒళ్లు కాలుద్ది. కంట్లో పడితే చూపు పోద్ది."

"పడితే ఏటి సెయ్యాల?"

"అదిగో నీళ్లు. ఆపకుండా పోస్తానే ఉండాల. ఆసుపత్రిలో యాసిడనే చెప్పాల."

"దీని పక్కన ఏటెట్టకూడదు?"

"బ్లీచింగ్ పెట్టకూడదు. అది సోమవారం వేరే లారీలో పోద్ది. తిండి సామాను అసలే పెట్టకూడదు."

పైడమ్మ తొడుగులు వేసుకుని ఒక పెట్టెను ఎత్తి బోర్లించింది. అలాగే పట్టుకుని నిలబడింది. కింద తొడుగు చేత్తో రాసి చూసింది. పొడిగా ఉంది. అప్పుడు పెట్టెను నిటారుగా దించి బంగారమ్మ ముఖంలోకి చూసింది.

"ఇది ఊరగాయ కాదప్పా. దీనికి కూలివ్వాల."

"ఇస్తాను. మామూలు బరువుకన్నా ఎక్కువే ఇస్తాను. నాలుగేళ్లదీ ఇస్తాను" అంది బంగారమ్మ.

"పట్టండ్రా" అంది పైడమ్మ.

నూకరాజు ఒక్క క్షణం ఆగి, తొడుగులు అందుకున్నాడు. మిగతావాళ్లు వెనకే కదిలారు. ఆ రోజు నుంచి ఆ గోదాములో కొత్త కట్టుబాటు పుట్టింది. ఎంతటి సేటు సరుకైనా సరే, ముట్టుకునే ముందు 'ఏటుందందులో' అని అడగడం. "సామాన్ హై, ఉఠావ్" అని, సామానేగా ఎత్తండి అన్నట్టు విసుక్కున్న వ్యాపారుల పెట్టెలు పొద్దుగూకేదాకా ఎండలోనే ఉండేవి. రెండు మూడుసార్లు అలా జరిగాక వాళ్లకూ నోళ్లు విచ్చుకున్నాయి. గురునాథం కూడా తన గదిలోంచి అదే ప్రశ్న అడగడం నేర్చుకున్నాడు.

మళ్లీ మామిడికాయల రోజులు వచ్చాయి. ఒకనాడు బంగారమ్మ రిక్షా దిగి, ఒళ్లో పెట్టుకుని తెచ్చిన కొత్త జాడీ ఒకటి గోదాము అరుగు మీద పెట్టింది. మూతికి తెల్లటి వాసెన. చుట్టూ ఉన్న హమాలీలు ఒక అడుగు వెనక్కి వేశారు. అది చూసి ఆవిడ ముఖం చిన్నబోయింది. అయినా పైడమ్మ వచ్చేదాకా అక్కడే నిలబడింది.

"ఏటుందందులో?" అంది పైడమ్మ.

"ఆవకాయ. కిరండూల్లో చెల్లెలికి."

బంగారమ్మ తనే ముడి విప్పి, గుడ్డ తీసి, మూత పక్కన పెట్టింది. ఎర్రగా నూనె తేలుతోంది. వేళ్లతో ఒక ముక్క తీసి అందరూ చూస్తుండగా నోట్లో వేసుకుంది. పైడమ్మ కూడా చేయి చాపి ఒక ముక్క తీసుకుని నెమ్మదిగా నమిలింది.

"ఉప్పు సాల్లేదు" అంది.

తరవాత మూత పెట్టి, గుడ్డ సరిచేసి, పురికొస నాలుగు చుట్లు తిప్పి వాసెన గట్టిగా కట్టేసింది. కుదురు నెత్తిన పెట్టుకుని జాడీని ఎత్తుకుంది. బంగారమ్మ కూలి ఇవ్వబోతే, ఆ ఉన్న ఒక్క కంటితో ఆవిడవైపు చూసి తల అడ్డంగా ఊపి లారీవైపు నడిచింది.

చదువరులారా, మూత బిగించినంత మాత్రాన సరుకు పంపినవాడి బాధ్యత తీరిపోదు. లోపల ఏముందో మోసేవాడు అడగకముందే తన నోటితో చెప్పాలి, అలా చెప్పలేని సరుకు గడప దాటకూడదు.